గాజుతొట్టిలో నీలకంఠ రొయ్య

వరిగింజను మడిలో చల్లకముందు దోసిట బోసికొని, తాలెంతయో గట్టియెంతయో ఊది చూచుకొనుట మన కృష్ణా డెల్టా రైతునకు తాతలనాటి విద్య. విత్తు మంచిదైననే పంట యను మాట అతనికి ఒకరు నేర్పనక్కరలేదు. అట్టి రైతే నేడు తన పొలమును చెరువుగ త్రవ్వి రొయ్యను పెంచునపుడు, ప్రాణవాయువు నింపిన ప్లాస్టికు సంచులలో బండిమీద దిగిన పిల్లలను లెక్కకు కొని, చెరువులో వదలి, ఆపైని భారము దైవముమీద వేయుచున్నాడు. ఆ పిల్ల ఎచ్చట పుట్టినది, ఎన్ని రూపములు మార్చినది, ఏమి తిని బ్రతికినది యని అడిగినచో, గుడివాడ మొదలు నాగాయలంక వరకు బదులు చెప్పగలవారు మిక్కిలి తక్కువ.

భారతదేశపు రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రదేశమే అగ్రస్థానమున నున్నది. అట్టి దేశమున విత్తును గూర్చిన జ్ఞానము సముద్రతీరపు హేచరీల గోడలలోపల కొలదిమంది చేతిలోనే యుండుట మాకు క్షేమకరముగ దోచుటలేదు. ఈ కొరత తీరుటకు పెద్ద భవనములుగాని, గొప్ప మూలధనముగాని అక్కరలేదు. ఇంటి వసారాలో ఒక గాజుతొట్టి, కొంచెము సముద్రపు నీరు, ఒక నెల ఓపిక చాలును. ఈ మాట వినోదమునకు చెప్పుచున్నది కాదు. దీని వెనుక మన నీటి సంగతియు, మన నది సంగతియు గలవు గావున పాఠకులు కొంచెము ఓపికతో వినవలెనని కోరుచున్నాము.

రొయ్య, పీత మొదలగు పెంకుజీవుల పిల్లలు తల్లి పోలికతో పుట్టవు. గ్రుడ్డునుండి వెలువడిన పీతపిల్లకు డెక్కలు లేవు, పక్కకు నడచుట లేదు. పెద్ద కన్నులు, నడినెత్తిన ముల్లు, పొడవైన తోక గల ఆ సూక్ష్మజీవిని చూచి, అది వేరొక జాతి ప్రాణియని పండితులే భ్రమపడిరి. 1802లో బోస్కు అను ఫ్రెంచి పండితుడు దానికి జోయియా యని ప్రత్యేకముగ నామకరణము గూడ చేసెను. ఐర్లండు దేశమున కార్కు రేవులో ఉద్యోగము చేయుచుండిన జాన్ వాన్ థాంప్సను అను సైనిక వైద్యుడు 1823లో ఆ జీవిని సన్నని వలతో పట్టి, సముద్రపు నీరు పోసిన పాత్రలో ఉంచి, దినదినము కనిపెట్టి చూచెను. అది చర్మము విడిచి రూపము మార్చుచుండెను. జోయియా యనునది వేరు జాతి కాదనియు, పీతబిడ్డయే యనియు ఆయన 1828లో ప్రకటించినపుడు నమ్మినవారు తక్కువ, వాదించినవారు ఎక్కువ. తుదకు నిలిచినది ఆయన మాటయే. మన గిలకలదిండి రేవున పడవల అడుగున అంటుకొని, కాలికి తగిలినచో కోసివేయు తెల్లని గుల్లలున్నవిగదా. అవి నత్తల చుట్టములు కావనియు, చిన్ననాడు నీటిలో ఈదులాడి పెద్దయైన పిమ్మట ఒకచోట స్థిరపడు రొయ్యజాతి ప్రాణులే యనియు గుర్తించినవాడును ఆ వైద్యుడే.

పిదప 1863లో ఫ్రిట్జ్ ముల్లరు బ్రెజిలు తీరమున సముద్రపు రొయ్యయొక్క తొలిరూపమును కనుగొనెను. జపానులో మోతోసాకు ఫుజినాగా 1934లో కురుమా రొయ్యచేత గ్రుడ్లు పెట్టించి, పిల్లలను పెంచుటకు పూనుకొనెను. కంటికి కానరాని నీటిపాచిని ఆ పిల్లలకు ఆహారముగ నిచ్చు మార్గము ఆయన చూపినదే. నేటి హేచరీలన్నియు ఆ మార్గమునే నడచుచున్నవి. ఈ చరిత్రలో మనము గుర్తింపవలసినది ఒకటి గలదు. దీనిలో మొదటి అడుగు రాజాదరణ గల ప్రయోగశాలలో పడలేదు. ఉద్యోగము చేసికొనుచు తీరికవేళ కన్ను తెరచి చూచిన ఒక మనుష్యుని పాత్రలో పడినది.

సముద్రపు రొయ్యల పిల్లలను ఇంట పెంచుట కష్టము. టైగరు రొయ్య కొన్ని లక్షల గ్రుడ్లను సముద్రములో విడిచిపెట్టును. అవి ఒక్కదినము తిరుగకముందే పగులును. పిల్ల తొలుత ఆరు నాప్లియసు దశలును, పిమ్మట మూడు జోయియా దశలును, ఆపైని మూడు మైసిసు దశలును గడచి, ఇంచుమించు పండ్రెండు దినములలో రొయ్య రూపు దాల్చును. నాప్లియసునకు కడుపులోని సొనయే కూడు. జోయియాకు మాత్రము సూక్ష్మమైన పాచి ప్రతిదినము తాజాగ కావలెను. ఒక్కపూట తప్పినను తొట్టియంతయు నశించును. కావున గృహస్థునకు తగినది వేరొకటి గలదు. అదియే మన నీలకంఠ రొయ్య, వ్యాపారులు స్కాంపీ యని పిలుచునది.

నీలకంఠము మన కాలువల రొయ్య. గుడివాడ పరిసరపు కాలువలలోను, కొల్లేటిలోను, కృష్ణలోను ఇది మంచినీటిలో పెరుగును. కాని దీని బిడ్డ మంచినీటిలో బ్రతుకదు. తల్లి గ్రుడ్లను కడుపుక్రింద కరపించుకొని, వరద నీటితో దిగువకు సాగి, నది సముద్రమును కలియు చోటికి చేరును. కొల్లేటినుండి ఉప్పుటేరు త్రోవయు, పులిగడ్డ దిగువ రెండుగ చీలి దివిసీమను చుట్టివచ్చు కృష్ణపాయల త్రోవయు దాని పుట్టినింటి బాటలే. హంసలదీవి వైపున మడచెట్ల వేళ్ల నడుమ ఉప్పును తీపును కలిసిన నీటిలో పిల్లలు పుట్టి, నెలదినములు తేలియాడి, రొయ్యరూపు దాల్చిన పిమ్మట ఏటికి ఎదురీది మరల మంచినీటికి వచ్చును. ఈ రహస్యము చిరకాలము శాస్త్రజ్ఞులకే తెలియకుండెను. 1961లో మలయాలోని పెనాంగులో షావో-వెన్ లింగు అను శాస్త్రజ్ఞుడు, పిల్లలు బ్రతుకుటకు నీటిలో ఉప్పు కలసియుండవలెనని కనుగొనువరకు ఈ రొయ్యను పెంచుట సాధ్యము కాలేదు. అటుపిమ్మట హవాయి ద్వీపమున తకుజీ ఫుజిమురా ఆ విద్యను విస్తారముగ పెంపుచేసెను.

ఇక ఇంట చేయవలసిన పని చెప్పుదుము. నలుబది లీటర్లు పట్టు గాజుతొట్టి యొకటి కావలెను. అడుగున ఇసుకగాని రంగురాళ్లుగాని వేయరాదు, మురికి దాగును. అలంకారపు చేపల తొట్లకు వాడు గాలిపంపును అమర్చి, బుడగలు మెల్లగ వచ్చునట్లు చూడవలెను. మంగినపూడి తీరమున, పడవల నూనె సోకని చోట, సముద్రపు నీరు తెచ్చి, సన్నని గుడ్డతో వడగట్టి, రెండు దినములు తేర్చవలెను. నిండు సముద్రపు నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పుండును. మన పిల్లకు కావలసినది సుమారు 12 గ్రాములు. కావున ఒక పాలు సముద్రపు నీటికి రెండు పాళ్లు మంచినీరు కలుపవలెను. వరదల కాలమున మన తీరపు నీరు పలుచబడును గావున ఈ లెక్కను గ్రుడ్డిగ నమ్మక, రొయ్యల రైతులు వాడు ఉప్పుకొలత పరికరముతో చూచుకొనుట మంచిది. కుళాయి నీటిలో క్లోరిను ఉండును. దానిని ఒక దినము తెరచియుంచి, గాలి బుడగలాడించిన పిమ్మటనే కలుపవలెను. నీటి వెచ్చదనము 28 మొదలు 30 డిగ్రీలలోపల నిలుకడగ ఉండవలెను.

వానకాలమున కాలువలలో వలలు వేయువారిని అడిగినచో గ్రుడ్లతో నున్న ఆడరొయ్య దొరకును. గ్రుడ్లు మొదట నారింజపండు రంగున నుండును. సుమారు మూడువారములు తల్లి వానిని మోసికొని తిరుగుచు, కాళ్లతో నీరాడించుచు, చెడినవానిని ఏరివేయుచుండును. రంగు బూడిదవలె మారినపుడు రెండు మూడు దినములలో పిల్లలు వచ్చునని తెలిసికొనవలెను. అట్టి తల్లిని తెచ్చి తొట్టిలో విడువవలెను. పిల్లలు సాధారణముగ రాత్రివేళ వెలువడును. తెల్లవారినంతనే తల్లిని తీసి మంచినీటిలో వేయవలెను. తొట్టి ఒక ప్రక్క దీపము పెట్టినచో పిల్లలన్నియు వెలుగునకు గుంపుగూడును. రెండు మిల్లీమీటర్ల పొడవు, గాజువంటి దేహము, నల్లని కన్నులు. వీపు క్రిందికి, కడుపు పైకి, తోక ముందునకు పెట్టి ఈదును. తలక్రిందుగ ఈదుచున్నది గదా, ఏదియో జబ్బు కాబోలునని వెరవనక్కరలేదు. అది దాని బాల్యధర్మము. లీటరునకు ఇరువదికి మించకుండ పిల్లలను ఉంచుకొని తక్కినవానిని తీసివేయవలెను. ఆశకొద్ది అన్నిటిని ఉంచుకొన్నవానికి ఒక్కటియు దక్కదు.

రెండవ దినమునుండి ఆహారము కావలెను. ఇందులకు ఆర్టీమియా యను ఉప్పునీటి సూక్ష్మప్రాణి ఉపయోగపడును. దాని గ్రుడ్లు ఎండి గోధుమరంగు పొడివలె నుండును. ఒక్క గ్రామునకు రెండు మూడు లక్షలుండును. ఏండ్లకొలది ప్రాణము బిగబట్టుకొనియుండి, ఉప్పునీరు తగిలినంతనే మేల్కొనును. లీటరు నీటిలో 25 గ్రాముల కల్లుప్పు వేసి, చిటికెడు పొడి చల్లి, గాలియాడించి, వెలుగులో ఉంచినచో ఇరువదినాలుగు గంటలలో నారింజరంగు నలుసులవంటి పిల్లలు ఈదులాడును. వెలుగు చూపి ఒకచోట చేర్చి, గొట్టముతో తీసి, పైని తేలు పెంకులు రాకుండ వడగట్టి, మంచినీట కడిగి, అప్పటికప్పుడు పెట్టవలెను. ఆలస్యమైనకొలది వానిలోని సొన తరిగి, మేత సారము తప్పును. పదిదినములైన పిమ్మట కోడిగ్రుడ్డును పాలపొడిని కలిపి ఆవిరిమీద ఉడికించి, సన్నని జల్లెడలో రుద్ది, నలుసులుగ చేసి పెట్టవచ్చును. అయితే మిగిలిన మేత అడుగున క్రుళ్లినచో అమోనియా పుట్టి ఒక్కరాత్రిలో అంతయు చచ్చును. కావున ప్రతిదినము సన్నని గొట్టముతో అడుగు మురికిని లాగివేసి, నాలుగవవంతు నీటిని మార్చవలెను. క్రొత్తనీటి ఉప్పును, వెచ్చదనమును పాతనీటితో సరిగ ఉండవలెను.

ఇట్లు పిల్ల పదునొకండు దశలు గడచును. నాలుగైదు వారములకు ఒక ఉదయమున, నిన్నటిదాక తలక్రిందుగ తేలిన జీవి బోర్లతిరిగి, తొట్టి అడుగున కాళ్లూని నడచుచుండును. అప్పటినుండి అది రొయ్య. కొన్ని గంటలపాటు కొంచెము కొంచెముగ మంచినీరు కలుపుచు వచ్చినచో ఉప్పును విడిచి కాలువనీటికి అలవాటుపడును. మొదటిసారి నూటికి పది మిగిలినను సంతోషింపవలెను.

దీనివలన లాభమేమని ఆస్తిపరులు అడుగవచ్చును. ఈ తొట్టివలన రూపాయి రాదు. విత్తన వ్యాపారమునకు ఇది మార్గమును కాదు. కాని చెరువుమీద లక్షలు వెచ్చించువానికి దీనివలన మూడు లాభములు గలవు.

మొదటిది, విత్తు పరీక్ష. మంచిపిల్ల వెలుగునకు ఎట్లు పరుగిడునో, దాని కడుపు నిండియున్నపుడు ఏ రంగున నుండునో, నీరసించిన పిల్ల ఎట్లు అడుగునకు జారునో నెలదినములు చూచిన కన్ను సంచిలోని విత్తును చూచి మోసపోదు. 2000 తర్వాత మన దేశపు నీలకంఠ హేచరీలలో తెల్లతోక తెగులు పుట్టి చిన్నపిల్లలను నాశనము చేసినది. అది సోకిన పిల్ల కండ పాలవలె తెల్లబడును. నిర్మలమైన పిల్ల ఎట్లుండునో ఎరుగనివాడు ఆ తెలుపును గుర్తింపజాలడు. తెల్లమచ్చ తెగులువంటి వానిని కనిపెట్టుటకు మాత్రము కన్ను చాలదు, ప్రయోగశాల పరీక్షయే కావలెను. ఏది కంటికి తెలియునో, ఏది పరీక్షకు పంపవలెనో విడదీయగలుగుటయే జ్ఞానము.

రెండవది, మన పరాధీనతను గుర్తించుట. 1994, 1995 సంవత్సరములలో తెల్లమచ్చ తెగులు తూర్పుతీరపు టైగరు చెరువులను తుడిచిపెట్టినది. 2009 మొదలు వనామీ రొయ్యకు అనుమతి వచ్చినది. అది అమెరికా ఖండపు పసిఫిక్ తీరపు జాతి. దాని తల్లిరొయ్యలు హవాయి మొదలగు చోట్లనుండి విమానములమీద చెన్నపట్టణమునకు వచ్చి, అచ్చట తెగుళ్ల పరీక్షకై నిర్బంధములో నుండి, హేచరీలకు చేరుచున్నవి. తల్లి త్వరగ గ్రుడ్లకు రావలెనని దాని కంటికాడ నొకదానిని నులిమివేయు పద్ధతి హేచరీలలో చిరకాలముగ నున్నది; గ్రుడ్లను అణచిపెట్టు రసము ఆ కంటికాడలోనే ఊరును. పిల్లలకు మేతయగు ఆర్టీమియాలో చాలభాగము అమెరికాలోని యూటా రాష్ట్రపు ఉప్పుసరస్సునుండి వచ్చునది. పెరిగిన రొయ్యకు పెద్ద అంగడియు అమెరికాయే. 2025 ఆగస్టులో ఆ దేశము మన సరకులపై సుంకమును రెండు విడతలుగ నూటికి యాబదివరకు పెంచినపుడు, బందరు మండలపు చెరువుగట్లమీద కలిగిన కలవరము పాఠకులు మరచియుండరు. తల్లి పరదేశముది, కూడు పరదేశముది, కొనువాడు పరదేశీయుడు. నేల, నీరు, అప్పు మాత్రము మనవి. పరదేశపు విద్యను మేము నిందించుటలేదు. థాంప్సను, ఫుజినాగా, లింగు మనకును గురువులే. గురువువద్ద నేర్చిన విద్యతో మన యింటి రొయ్యను మేలుచేసికొనక, ఎల్లప్పుడును ఒక్క జాతిమీదనే ఆధారపడుట వివేకము కాదనియే మా మాట. భువనేశ్వరములోని కేంద్ర మంచినీటి జలచర పరిశోధన సంస్థయగు సిఫా, నీలకంఠమునందు మేలైనవానిని తరతరమునకు ఏరి, త్వరగ పెరుగు వంశమును సిద్ధపరచినది. సిఫాకు విజయవాడలో ప్రాంతీయ కేంద్రము గలదు. చెన్నపట్టణములో 1987లో స్థాపితమైన సీబా సంస్థ మన తెల్లరొయ్యపై కృషి చేయుచున్నది. ఈ పనుల విలువ, ఒక్కసారియైన తొట్టిలో పిల్లను పెంచినవానికి సులభముగ బోధపడును.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. అది నదిని గూర్చినది. తొట్టిలో ఉప్పు పండ్రెండు గ్రాములనుండి ఇటుగాని అటుగాని చాల తొలగినచో పిల్లలు చచ్చుట మనము కన్నులార చూతుము. కృష్ణానది ముఖమున ఈ కొలతను నిలుపువారెవరు? పైనుండి వచ్చు మంచినీరును, క్రిందినుండి వచ్చు సముద్రపు పోటును. 1855లో బెజవాడ ఆనకట్ట ముగిసినపుడు మన డెల్టాకు అన్నము లభించినది. 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వెలసినది. 1967లో నాగార్జునసాగరపు కాలువలు పారినవి. వీనివలన బ్రతికిన మేము వీనిని తప్పు పట్టజాలము. కాని ఏటికి ఎదురీదు రొయ్యపిల్లకు గోడ గోడయే. ఎగువ కరవు వచ్చిన సంవత్సరములలో బ్యారేజి దాటి సముద్రమునకు చేరు నీరు అత్యల్పమగుచున్నది. అప్పుడు ఉప్పు నదిలోనికి ఎగబ్రాకును. దివిసీమ శివారు రైతు చవుటిని చూచి కంటనీరు పెట్టుకొనుట మనమెరుగుదుము. అదే ఉప్పు నీలకంఠపు పురిటింటిని గూడ చెరచుచున్నదని మనమెరుగము. సముద్రమునకు పోవు నీరంతయు వృథాయని సభలలో చెప్పువారు, తొట్టిలో రెండుపాళ్ల మంచినీరు పోయక పిల్లను బ్రతికించి చూపవలెను.

మడ అడవుల సంగతియు ఇట్టిదే. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన వేలకొలది ప్రాణములను హరించినది. మడ దట్టముగ నున్నచోట అలల వేగము తగ్గునని అందరును ఒప్పుకొందురు. ఆ మడయే రొయ్యకు, పీతకు పసితనపు ఊయెల. చెరువులకై దానిని నరికినచో, ఉప్పెనకు వాకిలి తెరచుటయే గాక రేపటి విత్తును గూడ నరికినట్లగును. హేచరీలు పెరుగక పూర్వము ఏరుముఖములలో సన్నవలలతో టైగరు పిల్లలను పట్టి చెరువులకు అమ్మెడివారు. ఒక పిల్లను ఏరి, తక్కిన చేపపిల్లలను రొయ్యపిల్లలను గట్టున పారవేయుచుండిరి. ఎంత నష్టము జరిగెనో నాడు లెక్కింపలేదు. చూడ నేర్వని కన్నునకు అవి నలుసులే గదా.

ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఇంట పెరిగిన పిల్లలను కాలువలలో విడువరాదు. తొట్టిలో పుట్టిన తెగులు కాలువకు ప్రాకవచ్చును. వానిని తమ చెరువునందే ఉంచుకొనవలెను. వనామీ పిల్లల జోలికి గృహస్థుడు పోరాదు. అది పరజాతి, 2005 నాటి తీరప్రాంత జలకృషి చట్టము ననుసరించి అనుమతి పొందిన హేచరీలే దాని విత్తనమును తయారుచేయవలెను. తల్లిరొయ్యను గూడ ఒక్కదానినే తెచ్చుకొనవలెను. పూర్ణముగ ఎదిగిన ఒక్క తల్లి దాదాపు లక్ష గ్రుడ్లు మోయును.

1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిన పెద్దలు చేతికిని చదువునకును పొత్తు కుదుర్పవలెనని తలచిరి. ఆ ఊరి పాఠశాలలలో నేడు రొయ్య రూపాంతరములు పటములుగ గోడలకు వ్రేలాడిన చాలదు. మచిలీపట్టణము, గుడివాడ, అవనిగడ్డలలోని ప్రతి ఉన్నత పాఠశాలయందును వానకాలమున ఒక గాజుతొట్టి ఉండవలెను. చెరువులు గల రైతులు తమ గ్రామపు బడికి తల్లిరొయ్య నొకదానిని, సముద్రపు నీటి డబ్బా నొకదానిని పంపుట గొప్ప దానము కాదు. కాని చెరువులో పెట్టు ధనమును కాపాడు జ్ఞానము అచ్చటనే మొలకెత్తును. తలక్రిందుగ ఈదిన పిల్ల బోర్లతిరిగి నడచుటను చూచిన బాలుడు రేపు చెరువు కొన్నను, ఉద్యోగము చేసినను, శాసనసభలో కూర్చున్నను, నదికి ఎంత నీరు విడువవలెనను ప్రశ్న వచ్చినపుడు ఆ పండ్రెండు గ్రాముల లెక్కను మరువడు. ఈ వానకాలముననే ఈ పని మొదలుపెట్టవలెనని మా పాఠకులను కోరుచున్నాము.